టొలెడోకి ఒక్క పూట చాలా? అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకి నా సమాధానం

మీరు అడిగింది ఇది: జూన్ మొదటి వారంలో అమ్మానాన్నలతో మాడ్రిడ్ వస్తున్నారు, ఐదు రోజులు ఉంటారు, అందులో ఒక రోజు టొలెడోకి పెట్టుకున్నారు. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తే సరిపోతుందా? టూర్ బస్సా, సొంతంగానా? మేం క్రైస్తవులం కాదు, టికెట్ పెట్టి ఆ కేథడ్రల్ లోపలికి వెళ్లాల్సినంత ఉందా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టదు. ఎలా?

ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఒక రాత్రి అక్కడే ఉండండి. రైల్లో సొంతంగా వెళ్లండి. కేథడ్రల్ టికెట్ తప్పకుండా కొనండి, దానికి రెండున్నర గంటలు పెట్టండి. మిగతావాటిలో రెండో మూడో చూసి వదిలేయండి. రాత్రి ఉండడం కుదరకపోతే పొద్దున్నే వెళ్లి, బాగా పొద్దుపోయాక ఉండే రైలుకి వెనక్కి రండి. నాలుగింటికల్లా తిరుగు ప్రయాణం కట్టే ప్లాన్ మాత్రం వద్దు.

నేను మాడ్రిడ్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. నా ఉద్యోగానికి, టూరిజానికి ఏ సంబంధమూ లేదు. కానీ ఇండియా నుంచి ఎవరొచ్చినా టొలెడో తీసుకెళ్లే పని నాకే పడుతుంది. ఇరవై సార్లు దాటాక లెక్కపెట్టడం మానేశాను. అమ్మానాన్నలు, అత్తయ్య, మామయ్య, మావారి ఆఫీసువాళ్లు, ఒకసారి ఐదుగురు పిల్లలున్న గుంపు. చేయగలిగిన తప్పులన్నీ ఆ ట్రిప్పుల్లోనే చేశాను కాబట్టి ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

రాత్రి ఎందుకు ఉండమంటున్నానో ముందు చెప్తాను. టొలెడో ఒక రాతి గుట్ట మీద ఉంది. మూడు వైపులా తాహో నది లోతైన లోయలో గుట్టని చుట్టుకుని పోతుంది. మాడ్రిడ్‌కి 70 కిలోమీటర్లే, రైల్లో అరగంట పైచిలుకు. అంత దగ్గరగా ఉండడమే దాని కర్మ. పదిన్నర పదకొండుకి బస్సులు దిగుతాయి, ఐదున్నర ఆరుకల్లా అందరూ వెళ్లిపోతారు. ఆ మధ్యలో సొకోదొవేర్ అనే ప్రధాన కూడలి నుంచి కేథడ్రల్ దాకా ఉండే సందులో మనిషి వెనక మనిషి నడవాల్సిందే. గొడుగు ఎత్తి పట్టుకున్న గైడ్లు, మైకులు, ఐస్‌క్రీమ్ కారుస్తున్న పిల్లలు. ఆ నాలుగైదు గంటలే చూసి వెళ్లినవాళ్లు "బాగుంది కానీ బొమ్మల షాపులే ఎక్కువ" అంటారు. వాళ్లని తప్పుపట్టలేం.

ఆరు దాటాక అదే ఊరు వేరు. జూన్‌లో పొద్దుగుంకేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది, అంటే జనం వెళ్లిపోయాక కూడా మీకు మూడున్నర గంటల వెలుగు మిగిలే ఉంటుంది. ఎండ తగ్గి ఇటుక గోడలు ఎర్రబడతాయి, అక్కడి ముసలివాళ్లు బయటికొచ్చి బెంచీల మీద కూర్చుంటారు. చీకటి పడ్డాక కాన్వెంట్ల (సన్యాసినుల మఠాల) వైపు సందుల్లోకి వెళ్లండి. రెండు ఇళ్లని పైన కలిపేసి, కింద దారి వదిలిన చోట్లు ఉంటాయి, కొబెర్తీసో అంటారు. పసుపు దీపాల్లో వాటి కింద నుంచి నడవడం అనే ఒక్కదాని కోసమే హోటల్ డబ్బులు పెట్టొచ్చని నేను అంటాను.

ఒక హెచ్చరిక. ఆ సందుల్లో ఫోన్ మ్యాప్ పిచ్చిదైపోతుంది. మా మామయ్య భోజనమయ్యాక "అలా నాలుగడుగులు వేసొస్తా" అని వెళ్లి గంటన్నర రాలేదు. ఎటు తిరిగినా మళ్లీ ఒకే మిఠాయి దుకాణం ముందు తేలారట. చివరికి ఆ దుకాణం ఆవిడే హోటల్ కార్డు చూసి తీసుకొచ్చి దింపింది. హోటల్ కార్డు అందరి జేబుల్లోనూ ఉండాలి.

ఇప్పుడు ప్రయాణం. రైలు అటోచా స్టేషన్ నుంచి. రానూపోనూ మనిషికి సుమారు పాతిక యూరోలు అనుకోండి. శని, ఆదివారాలు టికెట్లు అయిపోతాయి, ముందే కొనాలి. బ్యాగులు స్కాన్ చేస్తారు కాబట్టి అరగంట ముందుండండి. బస్సు చవక, కానీ ప్లాసా ఎలిప్తికా దాకా మెట్రోలో వెళ్లి, పైన గంటో గంటన్నరో బస్సులో కూర్చోవాలి. పెద్దవాళ్లతో రైలే నయం. అన్నట్టు, స్పెయిన్‌వాళ్లు 'టొలెడో' అనరు, 'తొలేదో' అంటారు. మన త, ద దానికి చక్కగా సరిపోతాయి. కౌంటర్లో మనం అడిగితే ఇంగ్లీషువాళ్ల కంటే త్వరగా అర్థమవుతుంది.

టొలెడోలో దిగగానే పరుగెత్తకండి, స్టేషన్ చూడండి. 1919 నాటి కట్టడం. గుర్రపు నాడా ఆకారం కమానులు, రంగు పలకలు, చెక్క పైకప్పు, ఏదో నవాబు గారి దర్బారులా ఉంటుంది. ముస్లిం పనివాళ్ల చేతిపని క్రైస్తవ రాజుల కొలువులో కొనసాగినప్పుడు పుట్టిన శైలిని ముదేహర్ అంటారు. ఈ స్టేషన్ దాన్ని చూసి 20వ శతాబ్దంలో కట్టింది. పైన ఊళ్లో అసలువి కనిపించినప్పుడు కన్ను వెంటనే గుర్తుపడుతుంది.

టూర్ బస్సు సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. అత్తయ్యావాళ్లని మొదటిసారి ఒక ప్యాకేజీలో పంపాను. బస్సు నేరుగా ఊళ్లోకి వెళ్లకుండా కత్తులు, నగలు అమ్మే ఒక షోరూము దగ్గర నలభై నిమిషాలు ఆగింది. కేథడ్రల్ బయట నుంచి చూపించి "లోపలికి టికెట్ వేరు, మనకి టైము లేదు" అన్నారు. అత్తయ్య ఇంటికొచ్చి "గోపురం చూసి వచ్చాం, దర్శనం అవలేదు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అన్ని ప్యాకేజీలూ అలాగే ఉంటాయని కాదు. కొనేముందు కేథడ్రల్ లోపలికి టికెట్ ఉందా, షాపుల దగ్గర ఎంతసేపు ఆపుతారు అనే రెండు ప్రశ్నలు అడగండి.

మోకాళ్ల సంగతి. టొలెడోలో అసలు ఇబ్బంది టైము కాదు, ఎత్తుపల్లాలు. మొదట్లో నేను "టాక్సీలో పైకెక్కి, నడుస్తూ కిందికి దిగుదాం" అని తెలివిగా ప్లాన్ వేసేదాన్ని. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి ఎక్కడం కంటే దిగడమే నరకమని మా అమ్మ చెప్పేదాకా తట్టలేదు. గులకరాళ్లు పరిచిన వాలు, పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు. కాబట్టి పైకి టాక్సీ, కిందికీ టాక్సీ. స్టేషన్ నుంచి పది యూరోల లోపే అవుతుంది, సిటీ బస్సులు కూడా సొకోదొవేర్ దాకా వెళ్తాయి. సొకోదొవేర్ నుంచి కేథడ్రల్ దాకా దాదాపు చదునే. అక్కడి నుంచి సాంతో తోమే అనే చర్చి దాకా కొంచెం వాలు. ఆ తర్వాత యూదుల పేట వైపు బాగా దిగాలి, అక్కడ మాత్రం తిరిగి ఎక్కకుండా టాక్సీ పిలిపించుకోండి. మీ నాన్నగారు నడవగలిగితే ఊరి అంచుల్లో రెండు చోట్ల పెద్ద ఎస్కలేటర్లున్నాయి. రెకరేదో వైపువి 2000లో పెట్టారు, గుట్టని కోసి లోపల అమర్చినట్టుంటాయి.

హోటల్ పాత ఊళ్లోనే తీసుకోండి, కానీ బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందా, గుమ్మం దాకా టాక్సీ వస్తుందా అని అడగాలి. అవి పాత ఇళ్లు, లిఫ్ట్ లేనివి బోలెడు. పెద్ద సూట్‌కేసులు మాడ్రిడ్ హోటల్లో వదిలేసి ఒక్క చిన్న బ్యాగుతో రండి. ఆ రాళ్ల మీద సూట్‌కేసు చక్రాలు చేసే చప్పుడుకి వీధంతా లేచి చూస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న: క్రైస్తవులం కాని మనకి ఆ కేథడ్రల్లో ఏముంది?

నా అనుభవంలో, చర్చి అంటే బొత్తిగా తెలియకపోయినా గుడికి వెళ్లే అలవాటున్నవాళ్లకి ఆ చోటు త్వరగా అందుతుంది. మ్యూజియంలా చూడడానికి వచ్చే కుర్రాళ్లకే బోరు కొడుతుంది. మా అమ్మ గుమ్మం దగ్గర ఆగి అడిగిన మొదటి ప్రశ్న "చెప్పులు ఎక్కడ వదలాలే?" అని. వదలక్కర్లేదమ్మా అంటే, నమ్మకం లేక ఇంకోసారి అడిగింది. లోపల ఏది గర్భగుడి, ఏది ఉత్సవాల్లో ఊరేగేది, ఎవరు కట్టించారు, ఎవరు బంగారం ఇచ్చారు అని ఆవిడ వరసగా అడిగిన ప్రశ్నలకే నేను జవాబులు వెతుక్కుని నేర్చుకున్నాను. మీకూ ఆ వరసలోనే చెప్తాను.

కట్టడం 1226లో రాజు ఫెర్నాండో 3 కాలంలో మొదలై 1493లో పూర్తయింది, అంటే 267 ఏళ్లు. పొడవు సుమారు 120 మీటర్లు, వెడల్పు అందులో సగం. అంతకుముందు ఆ చోట ఊరి పెద్ద మసీదు ఉండేది. దాని వెనక ఒక కథ ఉంది. 1085లో క్రైస్తవ రాజు ఆల్ఫోన్సో 6 ముస్లింల చేతిలో ఉన్న టొలెడోని తీసుకున్నప్పుడు మసీదు ముస్లింలదే అని మాటిచ్చాడట. రాజు ఊళ్లో లేని సమయంలో రాణి, ఆర్చిబిషప్ కలిసి దాన్ని ఆక్రమించి చర్చి చేసేశారు. రాజు కోపంతో వెనక్కి వస్తుంటే, అబూ వలీద్ అనే ముస్లిం పండితుడే ఎదురెళ్లి, వాళ్లని శిక్షించవద్దు, ఊళ్లో రక్తపాతం వద్దు అని బతిమాలాడని చెబుతారు. ఆ పండితుడి విగ్రహం ప్రధాన పీఠం దగ్గర స్తంభం మీద ఇప్పటికీ ఉంది. చర్చి గర్భగుడిలో ఒక ముస్లిం పెద్దమనిషి! ఎంత చరిత్రో ఎంత కట్టుకథో గానీ, ఆ విగ్రహం చూపించి ఈ కథ చెప్తే నాతో వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా ఫోన్ వైపు చూడలేదు.

టికెట్ సుమారు 12 యూరోలు, పుయెర్తా యానా అనే తలుపుకి ఎదురుగా ఉన్న దుకాణంలో ఇస్తారు. ఆ పేరుకి 'చదును తలుపు' అని అర్థం, మెట్లు లేని తలుపు అదే. మీ అమ్మగారికి అదొక ఉపశమనం.

లోపలికి వెళ్లగానే కొంచెం నిరాశగా ఉంటుంది, కంగారుపడకండి. ఇంత పెద్ద హాలు ఒక్క చూపులో కనిపించదేంటి అనిపిస్తుంది. స్పెయిన్ కేథడ్రళ్లలో పాడే గురువులు కూర్చునే 'కోరో' అనే చోటుని నట్టనడుమ ఒక గదిలా కట్టేస్తారు, చూపుకి అది అడ్డం. కానీ అడ్డం అనుకున్న ఆ కోరోలోనే అరగంట పోతుంది. కింది వరస చెక్క కుర్చీల వీపుల మీద గ్రనాడా (స్పెయిన్‌లో చివరి ముస్లిం రాజ్యం) యుద్ధం ఘట్టాలు 54 పలకల్లో చెక్కి ఉంటాయి. రోడ్రిగో అలెమాన్ అనే శిల్పి 1489లో మొదలుపెట్టాడు. గ్రనాడా లొంగింది 1492లో. అంటే ఆయన ఉలి పట్టినప్పటికి యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది! ఒక్కో కోట పడుతుంటే ఒక్కో పలక. అక్కడే తెల్ల పాలరాతి మరియమ్మ ఉంటుంది, చంకలో బాలుడు చేయి చాపి తల్లి గడ్డం పట్టుకుంటాడు, తల్లి నవ్వుతుంది. మా అమ్మ చాలాసేపు చూసి "యశోద" అంది. అంతే, ఇంకేం అనలేదు.

ప్రధాన పీఠం వెనక 1498–1504 మధ్య చేసిన చెక్క బొమ్మల గోడ, రంగులు, బంగారు పూత. దాన్ని ముందు నుంచి చూసి, తర్వాత చుట్టూ ప్రదక్షిణగా నడిచి వెనక్కి వెళ్లండి (నడవా నిజంగానే ప్రదక్షిణ పథంలా ఉంటుంది). వెనక్కి వెళ్లగానే తల పైకెత్తండి. అక్కడ చీకటిగా ఉంటుందని 18వ శతాబ్దంలో నార్సిసో తోమే అనే ఆయన 500 ఏళ్ల నాటి కప్పుకే కన్నం పెట్టి, ఆ వెలుగు సరిగ్గా పీఠం వీపు మీద పడేలా చేశాడు. ఆ కన్నం చుట్టూ దేవదూతలు, మబ్బులు, రంగుల బొమ్మలు వేలాడుతుంటాయి. దీన్ని 'త్రాన్స్‌పారెంతె' అంటారు, 1732లో పూర్తయింది. కొందరికి ఇది అతి. మావారు దీన్ని "పెళ్లి మండపం డెకరేషన్" అంటారు. నాకు మాత్రం ఎండ ఉన్న రోజున ఆ వెలుగు దిగడం చూస్తే నోట మాట రాదు. మబ్బు రోజున మావారే కరెక్ట్.

ఖజానా గదిలో కుస్తోదియా, అంటే పూజలో పవిత్రం చేసిన రొట్టెని పెట్టి ఊరేగించే పాత్ర, ఉంటుంది. ఎన్రికే దె అర్ఫే 1524కల్లా పూర్తిచేసిన గోపురం లాంటి పని, మనిషి కంటే ఎత్తు, 18 కిలోల దాకా బంగారం, 180 కిలోలకి పైగా వెండి. లోపలి భాగం కొలంబస్ కాలపు స్పెయిన్ రాణి ఇసబెల్‌ది. కొలంబస్ అమెరికా నుంచి తెచ్చిన తొలి బంగారంతో చేయించారని చెబుతారు. ఏడాదికోసారి కార్పుస్ క్రిస్తీ అనే పండగనాడు దీన్ని వీధుల్లో ఊరేగిస్తారు. ఉత్సవ విగ్రహం, ఊరేగింపు అని చెప్తే మనవాళ్లకి ఇంకో వివరణ అక్కర్లేదు.

సాక్రిస్టీ, అంటే గురువులు పూజకి తయారయ్యే గదిలో, ఎల్ గ్రేకో అనే చిత్రకారుడు వేసిన బొమ్మ ఉంది. ఆయన క్రీట్ ద్వీపం మనిషి, 1577లో ఈ ఊరొచ్చి 1614లో చనిపోయేదాకా ఇక్కడే ఉండిపోయాడు. క్రీస్తు ఒంటి మీది ఎర్రని వస్త్రాన్ని గుంపు లాగేస్తున్న ఘట్టం ఆయన వచ్చీ రాగానే వేసింది. వేశాక కేథడ్రల్‌వాళ్లు డబ్బు దగ్గర పేచీ పెట్టారు: గుంపులోవాళ్ల తలలు క్రీస్తు తల కంటే పైకెందుకున్నాయి, ఈ స్త్రీలు ఇక్కడెందుకు అని. అడిగినంత ఇవ్వలేదు. ఆయన బొమ్మా మార్చలేదు. తలలు ఇప్పటికీ పైనే ఉన్నాయి, చూడండి. క్లయింట్లతో వేగే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి ఈ బొమ్మ ప్రత్యేకంగా నచ్చుతుంది.

ఇంకొకటి, కప్పు నుంచి అక్కడక్కడా ఎర్రటి పాత టోపీలు వేలాడుతుంటాయి. కార్డినల్స్‌వి (పోప్ తర్వాతి స్థాయి మతగురువులు), వాళ్ల సమాధులపైన కట్టారు. టోపీ ఊడి పడితే ఆ ఆత్మ స్వర్గం చేరినట్టని గైడ్లు చెబుతారు. మా పిల్లలు ఏది పడుతుందా అని పావుగంట కాపలా కాశారు.

దుస్తులు: భుజాలు, మోకాళ్లు కప్పి ఉంటే చాలు, టోపీ తీసేయాలి. చీర, పంజాబీ డ్రెస్ బ్రహ్మాండం. మతం ఎవరూ అడగరు.

ఇక్కడో చిన్న పిడకల వేట, కానీ ఇంజనీర్ల ఇళ్లలో ఇది పనికొస్తుంది. 12వ శతాబ్దంలో యూరప్ పండితులు అరబ్బీ గ్రంథాలు వెతుక్కుంటూ ఈ ఊరొచ్చేవాళ్లు. ఇటలీ నుంచి వచ్చిన క్రెమోనా గెరార్డ్ జీవితాంతం ఇక్కడే ఉండి డెబ్బైకి పైగా పుస్తకాలు లాటిన్‌లోకి తెచ్చాడు. మన సంస్కృత 'జ్యా', 'జీవా' అరబ్బీలో 'జీబ' అయింది. దాన్ని 'జైబ్' అని, అంటే బట్ట మడత అని చదువుకుని, లాటిన్ అనువాదకులు 'సైనస్' అన్నారు. మనం టెన్త్‌లో బట్టీ పట్టిన సైన్ థీటా అదే. గెరార్డ్ పేరుని కూడా ఆ మాటకి ముడిపెడతారు. అంతకు నూరేళ్ల ముందు, ఇదే ఊళ్లో న్యాయాధికారిగా పనిచేసిన సయీద్ అల్ అందలుసీ 1068లో శాస్త్రాలు పెంచిన జాతుల గురించి రాస్తూ మొట్టమొదట భారతీయుల్ని పెట్టాడు. ఇక టొలెడోలో పుట్టిన ఆల్ఫోన్సో 10 యువరాజుగా ఉండగా 1251లో పంచతంత్రం కథల్ని అరబ్బీ నుంచి స్పానిష్‌లోకి చేయించాడు. మన కరటక దమనకులు అక్కడ కలీలా, దిమ్నా. మా నాన్న తెలుగు మాస్టారు. కేథడ్రల్, బొమ్మలు అన్నీ మౌనంగా చూసినాయన, ఈ మాట చెప్పాక ఆ రాత్రి హోటల్లో పిల్లలకి మిత్రభేదం మొత్తం చెప్పి పడుకున్నారు.

కేథడ్రల్ తర్వాత ఏం చూడాలి? నా ఓటు రెండింటికి. ఒకటి సాంతో తోమే చర్చిలో ఎల్ గ్రేకో వేసిన ఒర్గాస్ దొర అంత్యక్రియల బొమ్మ (1586–88). ఆ దొర చనిపోయింది 1323లో, కానీ చుట్టూ నిలబడింది ఎల్ గ్రేకో కాలపు ఊరి పెద్దలు. కింద ఎడమ మూల నల్లబట్టల పిల్లాడు ఆయన కొడుకే, జేబురుమాలు మీద 1578 అని ఉంటుంది, వాడు పుట్టిన ఏడాది. పావుగంట చాలు. రెండోది సాంతా మరియా లా బ్లాంకా: యూదుల కోసం ముస్లిం శైలిలో కట్టి, తర్వాత మరియమ్మ పేరుతో చర్చి అయిన తెల్లటి హాలు. ఆ ఒక్క భవనం ఊరి చరిత్రంతా చెప్పేస్తుంది. ఓపిక మిగిలితే పక్కనే ఎల్ త్రాన్సితో, 14వ శతాబ్దపు యూదుల ప్రార్థనాలయం. గోడల నిండా హీబ్రూ అక్షరాల నగిషీ. రాజు ఖజానాదారు సామ్యుయెల్ హలేవీ కట్టించాడు, ఆ రాజే తర్వాత ఆయన్ని చెరలో పెట్టించాడు. మీ నాన్నగారు ఒక్కరే వెళ్లగలిగితే 999లో కట్టిన క్రిస్తో దె లా లూస్ అనే బుల్లి మసీదు కూడా. అల్కాసర్ కోటలో సైన్యం మ్యూజియం ఉంది, ఆయుధాల మీద ఆసక్తి ఉంటే తప్ప వదిలేయొచ్చు.

ఏడు చోట్లకి కలిపి చేతికి కట్టే పట్టీ టికెట్ ఒకటి అమ్ముతారు. నాలుగు చూసేవాళ్లకే అది లాభం. కేథడ్రల్, ఎల్ త్రాన్సితో అందులో ఉండవు. ఇది తెలియక గేటు దగ్గర వాదించేవాళ్లని ప్రతిసారీ చూస్తాను.

వారం చూసుకోండి. ఆదివారం కేథడ్రల్ సందర్శకులకి మధ్యాహ్నం తర్వాతే. మా తమ్ముడి కుటుంబాన్ని ఆదివారం పొద్దున తొమ్మిదింటికి తీసుకెళ్లి తలుపు ముందు నిలబెట్టిన ఘనత నాది. ఎల్ త్రాన్సితో, ఎల్ గ్రేకో మ్యూజియం సోమవారం ఉండవు. మంగళవారం నుంచి శుక్రవారం మధ్యలో పెట్టుకుంటే ఏ టెన్షన్ ఉండదు.

ఒక్క మినహాయింపు, అది మీ తేదీలకి సంబంధించిందే. కార్పుస్ క్రిస్తీ ఈస్టర్ తర్వాత 60వ రోజు, గురువారం వస్తుంది, అంటే మే చివరా జూన్‌లోనూ. ఊరేగింపు దారంతా పైన తెల్ల గుడ్డ పందిళ్లు వేస్తారు, బాల్కనీల నుంచి పాత పట్టు తివాచీలు వేలాడదీస్తారు, నేల మీద సువాసన వేసే ఆకులు చల్లుతారు. సరిగ్గా ఆ రోజు పడితే హోటళ్లు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది, పెద్దవాళ్లకి నిలబడడం కష్టం. కానీ దానికి ముందు వారం వెళ్తే పందిళ్లు అప్పటికే వేసి ఉంటాయి, నీడ ఉంటుంది, జనం ఉండరు. నేనైతే అదే చేస్తాను. జూలై, ఆగస్టుల్లో 40 డిగ్రీలు తగులుతాయి. "మాది ఖమ్మం, మాకు ఎండ కొత్తా" అని వచ్చిన మావారి స్నేహితుడు మధ్యాహ్నం మూడింటికి ఒక చర్చిలో కూర్చుని బయటికి రానన్నాడు.

తిండి. ఇది రాయడానికి కొంచెం బాధగానే ఉంది. టొలెడో వంటలంటే పంది మాంసం కూర కార్కమూసాస్, కౌజు పిట్ట, వేట మాంసం. శాకాహారం, అందులోనూ గుడ్డు లేకుండా, అంటే వెతుక్కోవాలి. దొరికేవి: పిస్తో మంచేగో (టమాటా, క్యాప్సికం, గుమ్మడి జాతి కాయ వేసిన మెత్తటి కూర, రొట్టెలోకి బాగుంటుంది, కానీ పైన గుడ్డు వేస్తారు, వద్దని చెప్పాలి), మంచేగో చీజ్, గస్పాచో అనే చల్లటి టమాటా సూపు, వేయించిన మిరపకాయలు. "ఎన్సలాదా మిక్స్తా" అని సలాడ్ అడిగితే అందులో చేప ఉంటుంది! క్రొకేతాల్లో (నూనెలో వేయించిన ఉండలు) హామ్, అంటే పంది మాంసం ఉంటుంది. 'వెజిటేరియన్' అనే మాట ఒక్కటే నమ్ముకోకండి, ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పండి: సిన్ కార్నె, సిన్ హామోన్, సిన్ పెస్కాదో, సిన్ వేవో (మాంసం, హామ్, చేప, గుడ్డు లేకుండా). ఇది చీటీ మీద రాసి చూపిస్తే ఇంకా మంచిది. వంటగదులు మధ్యాహ్నం ఒకటిన్నర రెండుకి తెరిచి నాలుగుకి మూసేస్తాయి, మళ్లీ రాత్రి ఎనిమిదిన్నరకే. పన్నెండున్నరకి అన్నం పెట్టాలి, షుగర్ మాత్ర వేసుకోవాలి అంటే ఊళ్లో ఎవరూ వండరు. అందుకే నేను పులిహోర, చపాతీలు డబ్బాల్లో కట్టుకెళ్తాను. ఎల్ త్రాన్సితో ఎదురుగా చెట్లున్న చిన్న పార్కు ఉంది, బెంచీలు, కింద నది. అక్కడ తిన్న పులిహోర రుచి వేరు.

మిఠాయి మాత్రం మన దారిలోనే ఉంటుంది. మసపాన్ అంటే బాదంపప్పు, చక్కెర, ఇంచుమించు మన బాదం బర్ఫీ. కానీ కొన్నిటికి పైన గుడ్డు రాసి కాలుస్తారు, కొన్నిట్లో లోపల గుడ్డు సొన ఉంటుంది. అడిగి కొనండి. కాన్వెంట్లలో సన్యాసినులు చేసి అమ్మేవి నాకు షాపువాటికంటే ఇష్టం.

షాపింగ్ అంటే దమస్కీనాదో: నల్లటి ఉక్కులోకి బంగారు తీగ కొట్టి చేసే నగలు, పళ్లేలు. మన బిద్రీ చూసినవాళ్లకి వెంటనే తెలుస్తుంది, అక్కడ వెండి, ఇక్కడ బంగారం. వీధిలో ఐదు యూరోలకి దొరికేవి మెషీన్‌వి. చేతిపని కావాలంటే పనివాడు కళ్లముందు కూర్చుని చేస్తున్న చిన్న దుకాణాలు ఉన్నాయి, అక్కడ తీగ అంచులు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి. నాన్నలందరికీ కత్తి కొనాలని ఉబలాటం పుడుతుంది, ఊరు వాటికే పేరు మరి. విమానంలో, కస్టమ్స్‌లో ఆ తలనొప్పి వద్దు. ఉత్తరాలు తెరిచే బుల్లి కత్తి కొనిపెట్టి, అది కూడా చెక్-ఇన్ బ్యాగులో వేయండి.

చివరగా ఒక సాయంత్రం పని. తొమ్మిదింటికి టాక్సీ మాట్లాడుకుని నది అవతలి ఒడ్డున మిరదోర్ దెల్ వాయె దగ్గరికి వెళ్లండి. టాక్సీని ఉండమని చెప్పండి, అక్కడ తిరుగు టాక్సీ దొరకదు. ఊరంతా, కోట, కేథడ్రల్ గోపురం, కింద నది, అన్నీ ఒక్క ఫ్రేములో ఉంటాయి. మీ అమ్మగారు కారు దిగి పది అడుగులు వేస్తే చాలు. శాలువా ఒకటి దగ్గర పెట్టుకోండి, గాలి వేస్తుంది.

మీ తేదీలు రాయండి, ఆ వారంలో కార్పుస్ పడుతుందో లేదో చూసి చెప్తాను. దాన్ని బట్టి హోటల్ ఇప్పుడే బుక్ చేయాలా, ఆగొచ్చా అన్నది తేలుతుంది.